ఎర్రగుడ్డలు కట్టిన దారి

ఆడదాని ఒంటి గురించి మగవాళ్ళకు తెలిసినంతగా ఆడవాళ్ళకు తెలియదు. ఎంత దూరం నడిస్తే ఏది జారుతుందో, ఏ రోజున ఏది ముట్టుకుంటే ఏది మాడిపోతుందో, ఏ వయసు దాటాక ఏ మూల కూర్చోవాలో, అన్నీ వాళ్ళే చెప్పగలరు. ఈ విద్వత్తుతో ముప్పయ్యేళ్ళుగా పోట్లాడుతున్నాను. అనకాపల్లిలో, సబ్బవరంలో, మైకు ఇచ్చిన ప్రతి సభలోనూ మాట్లాడాను. ఇవ్వనిచోట గొంతు పెంచి మాట్లాడాను. గెలిచానని చాలాసార్లు అనుకున్నాను. చప్పట్లు కొట్టినవాళ్ళు ఇంటికి వెళ్ళి ఏం చేశారో మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

రెండేళ్ళ కిందట సముద్రం ఒడ్డున ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. అనకాపల్లి నుంచి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. గాలిలా పరిగెత్తేది. స్కూళ్ళ పోటీల్లో గెలిచి, విశాఖపట్నంలో ఆటలు నేర్పే హాస్టల్లో సీటు తెచ్చుకుంది. జూన్‌లో చేరాలంటే ఫిబ్రవరి నెలాఖరులోగా తండ్రి సంతకం పెట్టిన కాగితం అందాలి. తండ్రి పెట్టనన్నాడు. ఆయన సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. నచ్చజెప్పడానికి ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. బడి నుంచి శరీర నిర్మాణం చార్టు కూడా చుట్టి తీసుకెళ్ళాను.

గంటసేపు చెప్పాను. ఏ కండరం ఎక్కడ ఉంటుందో, ఏది దేన్ని పట్టుకుని ఉంటుందో కర్రపుల్లతో చూపించాను. ఆయన చాలా మర్యాదగా విన్నాడు.

"నీ బొమ్మ బాగుంది పంతులమ్మా. లోపలున్నయన్నీ రంగులేసి సూపించేవు. కానీ ఆడదాని ఒళ్ళు కొంత దూరం దాకానే. ఆపైన పరిగెడితే కడుపులో నరం తెగిపోద్ది. మా మేనత్తకి అలగే అయింది."

"మీ మేనత్త పరిగెత్తేదా?"

"నేదు. నూతిలో నీళ్ళు తోడేది."

గుమ్మం అవతల ఎండుచేపలు తట్టలో సర్దుతున్న ఆయన భార్య తల ఎత్తకుండానే అంది. "ఆ నరం వంక ఎట్టి పుట్టింటికెల్లిపోయిందామె. మీ మేనమావని ఒగ్గించుకోడానికి అంతకన్నా మంచి వంక దొరకనేదు."

నేను నవ్వాను. ఆయనకు రోషం వచ్చింది. "ఏటే, సానా మాట్లాడతన్నావు. అయితే నువ్వు పరిగెట్టు. దాని ఒళ్ళూ నీ ఒళ్ళూ ఒకటే గదా. పంతులమ్మ కొండల్లో పరుగు పందేనికి ఎల్తాదట, గుంట సెప్పింది. నువ్వూ ఎల్లు. వాళ్ళు ఎట్టిన టయిములోపల వచ్చేవా, గుంటని పంపుతాను. రానేదా, ఆ మాట ఈ ఇంట్లో ఇంకెత్తొద్దు."

"సాచ్చికం ఎవులు?" అందామె.

"పంతులమ్మే. దేవుడు నేడని మొగం మీద సెప్పే మనిసి, మొగమాటానికి అబద్దం ఆడదు. ఆవిడ సెప్తే నమ్ముతాను."

ఒక్క మనిషి మీద చేసిన పరీక్షతో ఏ సిద్ధాంతమూ రుజువు కాదని ప్రతి సంవత్సరం పిల్లలకు మొదటి పాఠంలో చెప్పేదాన్ని. తల్లి పరిగెత్తగలిగితే కూతురు పరిగెత్తగలదని కాదు, పరిగెత్తలేకపోతే కూతురు పరిగెత్తలేదనీ కాదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. కాగితానికి సంతకం కావాలి. తర్కం అందుకు ఒప్పుకోదు, అవసరం ఒప్పుకుంది.

ఆ పందెం రోలుగుంట అవతల కొండల్లో. ముప్పై కిలోమీటర్లు. ఉదయం ఆరింటికి బయల్దేరి మధ్యాహ్నం ఒంటిగంటలోపు తిరిగి రావాలి. తారురోడ్డు ఎక్కడా ఉండదు. పశువులు నడిచిన బాటలు, బండరాళ్ళు, రెండు వాగులు. నేను ఏడాదిగా ఒళ్ళు అలవాటు చేసుకుంటున్నాను. యాభై మూడేళ్ళ మనిషి మోకాళ్ళు దాచుకోవాలని చెప్పినవాళ్ళు చెప్పినకొద్దీ పట్టుదల పెరిగింది. కానీ ఇరవై కిలోమీటర్లు దాటి ఎప్పుడూ పోలేదు. ఆ అమ్మాయి తల్లికి నలభై ఉంటాయి. పందెం అన్న మాటే కొత్త.

పందేనికి ఏడు వారాలున్నాయి. ఆదివారాలు ఆమె మొదటి బస్సుకు అనకాపల్లి వచ్చేది. ఊరు దాటాక చెరుకుతోటల గట్ల మీద, ఆ పక్కన చిన్న గుట్ట మీద తిరిగేవాళ్ళం. మొదటి రోజు నేను గురువులా ముందు నడిచాను. రెండో గంటకు వెనక నడిచాను. మూడో గంటకు, ఆమె కాళ్ళు చూస్తూ, నాకు చదువు చెప్పిన వాళ్ళెవరూ ఇది చూపించలేదే అనుకున్నాను.

వారానికి మూడు రోజులు ఆమె ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని బుచ్చయ్యపేట వైపు ఊళ్ళు తిరిగేది. బస్సు దిగింది మొదలు మళ్ళీ బస్సెక్కేదాకా నడకే. ఆ బరువు కింద తయారైన నడక అది. చిన్న చిన్న అడుగులు, గబగబా. నడుము ఊగుతుంది, మోకాళ్ళు మెత్తగా వంగుతాయి, తల మాత్రం గోడకు కొట్టిన మేకులా కదలదు. నేను అడుగడుక్కీ ఒంటిని పైకి ఎత్తి కింద పడేస్తున్నాను. ఎత్తిన ప్రతిసారీ శక్తి ఖర్చు. ఆమె ఒంటిని పైకెత్తడమే లేదు, ముందుకు జరుపుకుంటూ పోతుంది. గరిమనాభి గురించి, అంటే ఒంటి బరువంతా నిలిచే బిందువు గురించి, ఇరవై ఎనిమిదేళ్ళు పాఠం చెప్పిన నాకు అది ఎక్కడ ఉంచుకోవాలో ఆ రోజు తెలిసింది.

"తల మీద తట్ట ఉన్నాదనుకో పంతులమ్మా. కిందకి సూడకు. సూస్తే పడిపోతాది."

"ఏది పడిపోతుంది? ఏమీ లేదుగా."

"నేదనుకుంటే నువ్వు పడతావు."

బూట్లు కొంటానంటే వద్దంది. బలవంతాన కూతురి కాన్వాసు బూట్లు తొడిగించాను. పావుగంట నడిచి విప్పి చేత్తో పట్టుకుంది. "ఇయి ఏసుకుంటే కాలు గుడ్డిదైపోతన్నాది. రాయి ఎక్కడున్నాదో తెల్డం నేదు." చివరికి ఆమె రోజూ వేసుకునే రబ్బరు చెప్పులకే వెనక ఒక పట్టీ కుట్టించాం.

పందెం రోజు తెల్లవారుజామున రోలుగుంట చేరాం. చల్లగా ఉంది. విశాఖపట్నం నుంచి వచ్చిన కుర్రకారు రంగురంగుల బట్టల్లో కాళ్ళు చాపుకుంటూ, చేతి గడియారాలు నొక్కుకుంటూ ఉన్నారు. ఈమె చీర మోకాళ్ళ పైకి గోచీ పోసి, నంబరు కాగితాన్ని పమిట మీద పిన్నీసులతో గుచ్చించుకుని నిలబడింది. నీళ్ళు, తిండి పెట్టుకున్న సంచీ వెంట ఉండాలని నియమం. ఆమె సంచీ వీపుకు తగిలించుకుని నాలుగడుగులు వేసి, "ఎవులో ఎనక నుంచి లాగుతన్నట్టున్నాది" అంది. నడుముకు దోపుకున్న గుడ్డ తీసి చుట్టలా తిప్పి తల మీద పెట్టుకుంది. దాని మీద సంచీ పెట్టుకుంది. అప్పుడు ఆమె ముఖం తేటపడింది.

సంచీలు తనిఖీ చేసే అతను అభ్యంతరం పెట్టాడు. "అమ్మా, అలా కుదరదు. వీపుకి వేసుకోవాలి."

నాకు పాత రక్తం పొంగింది. "ఏ నియమంలో ఉందండీ? వెంట మోయాలని రాశారు. ఎక్కడ మోయాలో రాయలేదు. చదవమంటారా?"

అతను కాగితం తీసి చదివాడు. రాయలేదు. "పడిపోతే మాది బాధ్యత కాదు మేడమ్."

"ఇరవయ్యేళ్ళుగా పడనేదు బాబూ. ఇయ్యాళ నీకోసం పడతానేటి?" అందామె.

మొదటి వాగు దాటేసరికి ఎండ వచ్చింది. పన్నెండో కిలోమీటరు దాకా నేను ఇంత సంతోషంగా ఎప్పుడూ పరిగెత్తలేదు. ఎక్కుడులో కుర్రాళ్ళు మమ్మల్ని దాటిపోయేవారు, దిగుడులో మేం వాళ్ళను దాటేవాళ్ళం. ఒకడు చెల్లాచెదురు రాళ్ళలో తడబడుతూ ఈమె తల మీది సంచీ కదలకుండా పోవడం చూసి ఆగిపోయాడు.

"పిన్నీ, ఎక్కడ నేర్చుకున్నావు ఇది?"

"ఎండు సేపలమ్ముతూ నేర్చుకున్నాను. కొంటావేటి?"

"ఇప్పుడా?"

"ఇప్పుడు కాకపోతే మంగళారం. మీ ఈదికొస్తాను."

నవ్వుకుంటూ ఆ కుర్రాడు మా వెనక రెండు కిలోమీటర్లు వచ్చాడు. ఆమె అడుగులో అడుగు వేస్తూ నేర్చుకున్నాడు కూడా.

రెండో మంచినీళ్ళ మకాంలో గడియారం చూసుకున్నాను. అరగంట మిగులు. ఇలా వెళితే పన్నెండున్నరకే చేరతాం. నా మనసు అప్పుడే హాస్టలు గేటు దాకా వెళ్ళిపోయింది. తప్పు చేసింది అక్కడే.

దారి చూపడానికి నిర్వాహకులు చెట్లకు ఎర్ర రిబ్బన్లు కట్టారు. మకాం దాటిన కిలోమీటరుకు దారి రెండుగా చీలింది. ఎడమ వైపు పొదల్లోకి సన్నని బాట. కుడి వైపు కొండ మీదికి వెడల్పాటి బాట, దానికి అటూ ఇటూ చెట్టు చెట్టుకూ ఎరుపు. నేను కుడి వైపు తిరిగాను. ఆమె నిలబడిపోయింది.

"ఇటు కాదు పంతులమ్మా. ఇయి గుడ్డలు. ఆళ్ళు కట్టినయి మెరిసే రిబ్బన్లు. ఇటు సూడు, పసుపు రాసున్నాది. ముడేసిన పద్దతీ వేరు. ఇది అమ్మోరి పండగ దారి."

ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. ఆ మాటల్లో ఎన్ని ఆధారాలున్నాయో చూడండి: గుడ్డ వేరు, దాని మీద పసుపు ఉంది, ముడి వేరు. నా శిష్యుడెవడైనా ప్రయోగశాలలో ఇంత చక్కగా గమనించి చెబితే భుజం తట్టేదాన్ని. కానీ ఆమె నోట 'అమ్మోరు' అన్న మాట వినగానే నా చెవులు మూసుకుపోయాయి. ముప్పయ్యేళ్ళ అలవాటు. ఆ మాట వింటే చాలు, ఎదుటి మనిషి భయపడుతోందని తేల్చేసుకుంటాను.

"అమ్మవారి దారిలో ఆడవాళ్ళు చెమట కాళ్ళతో నడవకూడదని ఎవరైనా చెప్పారా నీకు?" అన్నాను.

"నాకేటి బయం? తప్పు దారని సెప్తన్నాను."

"రిబ్బన్లు అయిపోయి గుడ్డలు కట్టి ఉంటారు. ఇంత వెడల్పు దారి వదిలి ఆ పొదల్లోకి ఎవరైనా పంపుతారా?" అని అడిగి, ఆగకుండా, మనిషి భయాన్ని ఎలా గెలవాలో ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. కొండ మీద, పందెం మధ్యలో, గడియారం నడుస్తుండగా. చదువుకున్నదాన్ని కదా. ఆమె వెనక నడిచింది.

అరగంట ఎక్కాం. చివర ఒక పెద్ద బండ, దానికి పసుపు, ముందు ఒక త్రిశూలం. పక్కన చాప మీద కూర్చుని కొబ్బరిచిప్పలు ఏరుతున్న ముసలాయన మా నంబర్లు చూసి చేతులు జోడించాడు.

"రండమ్మా. పొద్దున్నించి మీతో అయిదుగురు. ముందొచ్చిన ముగ్గురికీ బొట్టెట్టి పంపేను."

"పరుగు దారి ఇది కాదా?" అన్నాను.

"పరుగా? అది కింద. పొదల్లోంచి పోవాల. పండగ మొన్నే అయింది, గుడ్డలింకా ఇప్పనేదు. మీరు మొక్కు తీర్సుకోడానికి పరిగెట్టుకొత్తన్నారనుకున్నాను."

ఆయన నీళ్ళిచ్చాడు. బొట్టు పెట్టబోతే నేను తల వెనక్కి తీసుకున్నాను. ఆమె నుదురు ముందుకు చాపింది. "ఎట్టు తాతా, పాపం అడుగుతన్నావు. సెమటకి ఎలాగా కారిపోద్ది." తర్వాత నా వైపు తిరిగింది. 'నేను చెప్పలేదా' అనే మాట ఆమె నోట వస్తుందని ఎదురు చూశాను. నేనైతే అనేదాన్ని. సభలో అయితే మూడుసార్లు అనేదాన్ని. ఆమె సంచీ సర్దుకుని, "దిగుదాం. దిగుడులో కొంత రాబట్టొచ్చు" అంది.

దిగాం. మళ్ళీ చీలిక దగ్గరికి వచ్చేసరికి యాభై నిమిషాలు పోయాయి. పొదల బాటలో పది అడుగులు వేయగానే మెరిసే రిబ్బను కనిపించింది. తొందరలో నా కుడి మోకాలు మెలిక పడింది. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర మెట్లలాంటి బండల మీద ఇక పరుగు సాగలేదు, కుంటుతున్నాను. ఆమె నా నడకకు తన నడక తగ్గించుకుంటోంది. లెక్క వేశాను. నాతో ఉంటే ఆమె ఏ రకంగానూ చేరదు.

"నువ్వు వెళ్ళు."

"నువ్వు రాకపోతే ఎలగ? నువ్వు సెప్తేనే ఆయన నమ్ముతాడు."

"తర్వాతి మకాంలో పందెం మానేసిన వాళ్ళను ఎక్కించుకునే జీపు ఉంటుంది. నేను అందులో ముందే వెళ్ళి గీత దగ్గర నిలబడతాను. కళ్ళారా చూస్తాను."

"మరి నీ పందెం?"

ఏడాది పాటు తెల్లవారకముందే లేచిన పొద్దులు గుర్తొచ్చాయి. బాధ లేదని రాస్తే అబద్ధం. "నాకు సంతకం పెట్టాల్సిన కాగితం లేదు" అన్నాను. ఆమె ఒక్క క్షణం నా మోకాలి వైపు చూసి, తన నీళ్ళ సీసాల్లో ఒకటి నా చేతిలో పెట్టి కదిలింది. ఆ బండల మీద ఆమె దిగిపోవడం నేను కూర్చుని చూశాను. అంత అందమైన చలనాన్ని నేను ఎక్కడా చూడలేదు. ఎక్కడ కాలు పెట్టాలో ఆలోచిస్తున్నట్టు లేదు. సంచీ ఒక్కటే పొదల మీదుగా, ఎత్తుపల్లాలు లేని రోడ్డు మీద బండిలో వెళ్తున్నట్టు సాగిపోయింది. ఆడదాని ఒళ్ళు కొంత దూరం దాకానే అన్నవాళ్ళందరినీ తెచ్చి ఆ బండ మీద కూర్చోబెట్టాలనిపించింది.

నేను కుంటుకుంటూ మకాం చేరి, నంబరు ఇచ్చేసి, జీపెక్కి పన్నెండున్నరకు గీత దగ్గర దిగాను. వచ్చినవాళ్ళు నేల మీద పడుకుని ఉన్నారు. ఒకడికి ఇద్దరు పిక్కలు పట్టి నొక్కుతున్నారు. పన్నెండు ముప్పావు. ఒంటిగంటకు అయిదు. మామిడితోట మలుపు దగ్గర ఎవరూ లేరు. దేవుణ్ణి నమ్మేవాళ్ళకు అలాంటప్పుడు చేయడానికి ఒక పని ఉంటుంది. నాకు గడియారం చూడటం తప్ప ఇంకేమీ లేదు. ఒంటిగంట అయింది.

ఒంటిగంట దాటాక మలుపులో ముందు సంచీ కనిపించింది, తర్వాత ఆమె. మొదటి కిలోమీటరులో ఎలా నడిచిందో అలాగే, తల కదలకుండా. గీత దాటేసరికి ఒంటిగంటా నాలుగు నిమిషాలు.

నిర్వాహకులు మంచివాళ్ళు. చప్పట్లు కొట్టారు. మెడలో పతకం వేశారు. "కొండెక్కి దారి తప్పారట కదమ్మా, మీకు అయిదు నిమిషాలు వదిలేస్తాం" అని పేరు రాసుకున్నారు. ఆమె సంచీ దింపి నన్ను అడిగింది. "నిజం టయిమెంత?"

చెప్పాను. "నాలుగు" అని ఒకసారి అనుకుని, పెరుగన్నం పొట్లం విప్పుకుంది. కుడికాలి బొటనవేలి గోరు ఊడిపోయి ఉంది. అప్పటిదాకా ఆమె కూడా చూసుకోలేదు.

తిరిగి వచ్చే బస్సులో నా బుర్ర పని మొదలుపెట్టింది. ఆ నాలుగు నిమిషాలు ఎవరివి? నావి. పోయిన యాభై నిమిషాలూ నావే. నిర్వాహకులే లోపల వచ్చినట్టు రాసుకున్నారు, అలాంటప్పుడు నేను చెప్పేది అబద్ధం ఎలా అవుతుంది? అసలా పరీక్షే అశాస్త్రీయం, తప్పుడు పరీక్షకు సరైన జవాబు ఇవ్వాల్సిన పని ఏముంది? ఒక మూఢనమ్మకం చేతిలోంచి ఒక పిల్లను లాక్కోవడం ఎవరికి నష్టం? అనకాపల్లి చేరేసరికి నా వాదంలో ఒక్క కన్నం లేదు. జీవితంలో ఇంత గట్టి వాదం కట్టలేదు. అది ఒక అబద్ధం కోసం కట్టాను.

పల్లెకు వెళ్ళే ఆటోలో ఆమె చెవిలో అన్నాను. "అక్కడ నువ్వేం మాట్లాడకు. నేను చూసుకుంటాను."

"ఏటి సూసుకుంటావు?"

నేను రోడ్డు వైపు తిరిగాను. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆయన ఒడ్డున ఫైబరు పడవ పక్కన కూర్చుని చిరిగిన వల కుడుతున్నాడు. ఇంకా వెలుతురు ఉంది. కూతురు పడవ అంచుకు ఆనుకుని నిలబడి ఉంది. మమ్మల్ని చూసి కూడా దగ్గరికి రాలేదు.

"బతికే వచ్చేవేటే? నరమేదేనా తెగిందా?"

"గోరూడింది. అది నరం కాదు."

ఆయన నవ్వి నా వైపు చూశాడు. "సెప్పు పంతులమ్మా. టయిములోపల వచ్చిందా?"

నేను నోరు తెరిచాను.

"రానేదు" అందామె. "నాలుగు నిమిసాలు ఆలీసమైంది."

కట్టుకున్న వాదమంతా నోట్లోనే ఉండిపోయింది. కూతురు ఇసుక వైపు చూసింది. నేను అప్పుడు చెప్పాను, చెప్పాల్సిందంతా: దారి చీలిక, గుడ్డలు, ఆమె వద్దన్న మాట, నా ఉపన్యాసం, కొండ మీది ముసలాయన. ఆయన సూది ఆపి విన్నాడు.

"అమ్మోరు నేదని సెప్పే పంతులమ్మని అమ్మోరే రప్పించుకుందేటి?"

"అమ్మవారు కాదు. నా పొగరు."

"ఎంత దూరం ఎక్కువైంది?"

"అయిదు కిలోమీటర్లు. సగం ఎక్కుడు."

ఆయన సముద్రం వైపు చూశాడు. "మొన్న గాలి తోసేత్తే మేం ఎక్కడో తేలేం. తిరిగొచ్చేసరికి పొద్దెక్కిపోయింది. నన్నెవులేనా టయిమడిగేరా? మడిసివి వచ్చేవా అనే అడిగేరు."

"అది నీ లెక్క మావా. పందెం ఏసినప్పుడు టయిములోపలన్నావు. రానేదు. మాటంటే మాట."

"ఏటే, నువ్వు గెలవడానికొచ్చేవా, ఓడిపోడానికొచ్చేవా?"

"నిజం సెప్పడానికొచ్చేను." ఆమె ఇసుకలో కూర్చుని కాళ్ళు చాపుకుంది. "గుంటని పంపుతావో మానేత్తావో నీ ఇష్టం. ఓడిపోయేను, అడగను. కానీ నరం తెగిపోద్దన్న మాట ఇంకెత్తకు. ముప్పై అయిదు కిలోమీటర్లు పరిగెట్టొచ్చేను. తెగనేదు. నువ్వు పంపకపోతే నీకు ఇష్టం నేక పంపనేదని సెప్పు. దాని ఒళ్ళు మీద ఎట్టకు."

పందెం వేరు, నిజం వేరు అని ఆమె విడదీసింది. నేను రెంటినీ కలిపి చుట్టి, నాలుగు నిమిషాల అబద్ధంతో ముడి వేయబోయాను. నేను అబద్ధమాడి ఉంటే పిల్ల వెళ్ళేదేమో, ఆ నరం మాత్రం ఆ ఇంట్లో అలాగే ఉండేది. ఎప్పుడైనా నాలుగు నిమిషాల సంగతి బయటపడితే మళ్ళీ తెగేది. నా సభల్లో ఎవరైనా ఇంత శుభ్రంగా మాట్లాడగా నేను వినలేదు. నాతో సహా.

ఆయన వల ముడి ఒకటి విప్పి, మళ్ళీ వేసి, మళ్ళీ విప్పాడు. ఆయనది కష్టమైన పరిస్థితి. గెలిచాడు, కానీ నిలబడటానికి కాళ్ళ కింద ఏమీ మిగల్లేదు. నాకు ఏదో అందించాలనిపించింది. మొదటిసారి నోరు మూసుకున్నాను.

"నాకు ఇష్టం నేకేటి" అన్నాడు చివరికి, ఎవరినీ చూడకుండా. "దూరం గదా అని." తర్వాత కూతురి వైపు చెయ్యి చాపాడు. "ఏదీ ఆ కాయితం?"

అమ్మాయి ఇంట్లోకి పరిగెత్తింది. కాగితం, పెన్ను తెచ్చి పడవ చెక్క మీద పరిచి రెండు చేతులతో అంచులు పట్టుకుంది. ఆయన అరచేతులు లుంగీకి తుడుచుకుని, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ పేరు రాయసాగాడు.

"గట్టిగా నొక్కకు" అందామె కూర్చున్నచోటు నుంచే. "సిరిగిపోద్ది."